చుక్కకు బారసాల

సంక్రాంతి సెలవులకు మా అన్న కొడుకు బెంగుళూరు నుంచి వచ్చి, కూతురి మొదటి పుట్టినరోజని అందరినీ లేపాక్షికి తీసుకెళ్ళాడు. వీరభద్రుడి గుడిలో వేలాడే స్తంభం దగ్గర జనం వంగి వంగి కొంగులూ తువ్వాళ్ళూ కింద నుంచి లాగుతున్నారు. మా వంతు వచ్చేలోగా వాడు సంచిలోంచి ఒక అట్ట కాగితం తీశాడు. బంగారు అంచు, ఎర్ర ముద్ర, ఇంగ్లీషులో మెలికలు తిరిగిన అక్షరాలు.

"చూడు చిన్నాయనా, పాప పేరు మీద నక్షత్రం కొన్నా."

"ఎంతకు?"

"ఆరు వేలు. ఫ్రేము విడిగా."

ఆరు వేలకు హిందూపురంలో సెంటు జాగా కాదు, దాని రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా రాదు. అలాంటిది ఏకంగా నక్షత్రం! "ఈసీ తీయించినావా?" అని అడిగాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఒకే ప్లాటును ముగ్గురికి రాసిచ్చే ఘనులను చూసిన జిల్లా మాది. ఈ చుక్కల కంపెనీలు ఒకటి కాదు, ఎవరి పుస్తకం వాళ్ళది. మా పాప చుక్క ఇంకో కంపెనీ పుస్తకంలో ఇంకో పాప పేరు మీద ఉంటే తగువు తీర్చడానికి తహసీల్దారు ఎక్కడ? అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది, తాము పేర్లు అమ్మబోమనీ, ఇలా కొన్న పేర్లకు విలువ లేదనీ.

నాకు నవ్వొచ్చింది వేరే చోట. మన పంచాంగంలో ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, వెరసి నూట ఎనిమిది అక్షరాలు. అశ్వినికి చూ, చే, చో, లా. మా పాపది రోహిణి మూడో పాదం, అందుకే "వీ"తో మొదలయ్యే పేరు పెట్టారు. తరతరాలుగా చుక్క పిల్లకు అక్షరం ఇచ్చింది. ఇప్పుడు పిల్ల చేత చుక్కకు పేరిప్పించి ఆరు వేలు వసూలు చేశారు. బారసాల ఎవరిదో అర్థం కాకుండా పోయింది.

ఆకాశంలో నిజంగా నామకరణం జరిగే చోటు లేక కాదు. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే రాళ్ళున్నాయి చూడండి, చిన్న గ్రహాలు, వాటి దగ్గర ఆ పని దాదాపు బారసాలంత పద్ధతిగా జరుగుతుంది. కొత్త రాయి కనబడగానే పేరు పెట్టరు. ఏ ఏడాది, ఏ పక్షంలో కనబడిందో ఆ గుర్తు వేస్తారు. జనవరి మొదటి సగం ఏ, రెండో సగం బీ, అలా నెలకు రెండు. శుక్లం, కృష్ణం కాకపోయినా పక్షం పక్షమే. తర్వాత కొన్నేళ్ళు వెంటపడి, కక్ష్య గట్టిగా తేలాకే నంబరు వేస్తారు. అప్పుడు కనుక్కున్నవాళ్ళకు పదేళ్ళ గడువు, ఒక పేరు సూచించమని. సమాఖ్య కమిటీ చూసి సరేనంటే పేరు ఖాయం. రుసుము సున్నా. నంబరు పడినవి ఏడున్నర లక్షలు దాటాయి, పేరు దక్కినవి పాతిక వేల చిల్లర. మిగతావన్నీ నంబర్లతోనే బతుకుతున్నాయి, రేషన్ కార్డుల్లాగ.

నియమాలు చదివితే మాత్రం మనకు గుండె గుభేలుమంటుంది. పేరు పదహారు ఇంగ్లీషు అక్షరాలు మించకూడదు. ఇంటిపేరు, వెంకట, నాగ, సత్య దాటుకుని అసలు పేరు దగ్గరికి వచ్చేసరికే మనకు పదహారు అయిపోతాయి. చదరంగం విశ్వనాథన్ ఆనంద్ అంతటివాణ్ణే నలిపి "విష్యానంద్" చేసి 4538 నంబరు రాయికి తొడిగారు. వ్యాపార ప్రచారం కుదరదు. లేకుంటే ఈపాటికి ధర్మవరం పట్టుచీరల షోరూముల పేర్లతో ఆ రాళ్ళ వలయం సగం నిండేది. పెంపుడు జంతువుల పేర్లు వద్దంటారు, ఎందుకంటే ఒక శాస్త్రజ్ఞుడు 1971లో దొరికిన రాయికి తన పిల్లి పేరు పెట్టుకున్నాడు, మిస్టర్ స్పాక్ అని.

అసలు దెబ్బ ఇంకోటి. రాజకీయ నాయకుల పేరో సేనానుల పేరో పెట్టాలంటే వాళ్ళు పోయి వందేళ్ళు గడవాలి. వందేళ్ళు! మన దగ్గర బస్టాండుకు పేరు పెట్టడానికి పదమూడో రోజు దాకా ఆగితే గొప్ప. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో మారింది, 2024లో మళ్ళీ మారింది. బోర్డు రాసే పెయింటరు తప్ప ఎవరూ బాగుపడలేదు. దాతల సంగతి సరేసరి. గుడిలో ట్యూబులైటు ఇచ్చి, దానిమీద ఇంటిపేరు, ఊరిపేరు, ధర్మపత్ని పేరు నిండుగా రాయించి, సందుల్లోంచి వచ్చినంత వెలుగే దేవుడికి వదిలే జాతి మనది. ఇలాంటివాళ్ళ ముందు చుక్కలు అమ్మకానికి పెడితే కొనకుండా ఎలా ఉంటారు?

ఆకాశాన్ని అమ్మడం నిన్నమొన్నటిది కూడా కాదు. వియన్నాలో పనిచేసిన యోహాన్ పాలిసా అనే మహానుభావుడు తన జీవితంలో వందకు పైగా చిన్న గ్రహాలు పట్టాడు. 1886 ఆగస్టులో వచ్చే సూర్యగ్రహణం చూడటానికి ప్రయాణం డబ్బుల్లేక, 1885లో, యాభై పౌన్లిస్తే పేరు పెట్టే హక్కు ఇస్తానని ప్రకటించాడు. రాత్‌చైల్డ్ ప్రభువు కొని భార్య పేరు పెట్టించాడు, 250 బెట్టీనా. ఆయనను నేను తప్పు పట్టను. కళ్ళు కాయలు కాసేలా చూసి పట్టిన రాయి, తనది. మన కంపెనీవాళ్ళు తాము కనుక్కోనిదాన్ని, తమది కానిదాన్ని, కొన్నవాడికి కంటికి కనబడనిదాన్ని అమ్ముతారు.

అదే పాలిసా 1884 అక్టోబరులో పట్టిన ఇంకో రాయికి పెట్టిన పేరు వింటే లేపాక్షివాళ్ళు చెవులు నిక్కబొడుచుకోవాలి. 244 సీత. ఇక్కడ బండమీద నీరూరే పాదం ఎవరిదని చెబుతారో ఆమే. ఈ సీత అడ్డంగా కొలిస్తే పదకొండు కిలోమీటర్లు, లేపాక్షి నుంచి హిందూపురం ఉన్నంత కూడా లేదు. ఒకసారి తన చుట్టూ తాను తిరగడానికి అయిదు రోజులు దాటుతుంది. ఇన్ని యుగాలకు తీరిక దొరికింది తల్లికి! ఇక 4034 విష్ణువు, భూమికి ప్రమాదం కాగలవాటి జాబితాలో ఉన్నాడు. స్థితికారకుడికి ఆ ఉద్యోగం ఎవరు వేశారో.

మన పత్రికలు కూడా తక్కువ తినలేదు. అమెరికాలో సైన్సు పోటీలు గెలిచిన బడిపిల్లల పేర్లు ఒక పరిశోధన బృందం తను పట్టిన రాళ్ళకు పెడుతూ వచ్చింది. పిల్లల కష్టం నిజం, గౌరవం నిజం. ఇక్కడ శీర్షిక మాత్రం "గ్రహానికి మనవాడి పేరు, నాసా ఘనత" అని పడుతుంది. పేర్లు ఖరారు చేసేది నాసా కాదు, అది గురుడిలాంటి గ్రహమూ కాదు. ఆ శీర్షిక నమ్మితే పురోహితుడు పదో గ్రహానికి ఏ ధాన్యం పొయ్యాలో వెతుక్కోవాలి. జవ్వాది కొండల్లోని కావలూరు నుంచి 1988లో మనవాళ్ళే ఒకటి పట్టి 4130 రామానుజన్ అని పేరు పెట్టారు. ఆ సంగతి అడిగితే మా బంధువుల్లో ఒక్కరికీ తెలియదు.

వంతు వచ్చింది. నేను తువ్వాలు బదులు ఆ సర్టిఫికెట్టు స్తంభం కింద దూర్చాను. ఇటు పోయి అటు వచ్చింది. "చిన్నాయనా, నలుగుతుంది!" అని వాడు లాక్కున్నాడు.

బయటికొచ్చి నంది దగ్గర కూర్చునేసరికి చీకటి పడింది. ఒకే రాతిలో తొలిచిన అంత పెద్ద ఎద్దు. మీ చుక్క చూపించరా అంటే వాడు ఫోను తీసి వేలితో అటూ ఇటూ జరిపి, మామూలు కంటికి ఆనదు, టెలిస్కోపు కావాలన్నాడు. కంపెనీవాళ్ళు అదీ అమ్ముతారట. నేను పాపను ఎత్తుకుని నెత్తిమీదికి చూపించాను. వృషభరాశిలో ఎద్దు కన్ను ఉండే చోట, ఎర్రగా, దీపమంత. రోహిణి. పాప చెయ్యి చాచింది.

మా వాడూ తలెత్తి చాలాసేపు చూశాడు.

"బాగుంది చిన్నాయనా. అది ఎవురి పేరు మీద ఉంది?"