ఏడోసారికి బాగుంటుందట

“మొదటిసారి ఎవరికీ నచ్చదండీ, ఏడోసారికి మీరే ఒప్పుకుంటారు” అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆ మాట అన్నాక అభిమానుల మొహాన వెలిగే చిన్న నవ్వు చూస్తే ఇంకా మండుతుంది. కెప్టెన్ బీఫ్‌హార్ట్ అండ్ హిజ్ మ్యాజిక్ బ్యాండ్ అనే రాక్ బృందం పాటలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగిన పాపానికి, ఆ బృందం చేసిన డజను రికార్డుల్లో ఏరి ఏరి 1969 నాటి ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’నే చేతిలో పెడతారు. 28 పాటలు, సుమారు 79 నిమిషాలు. ఏడుసార్లంటే తొమ్మిది గంటల పైమాటే. పియానో ముందు కూర్చుని ఈ పాటలన్నీ ఒక్క ఊపున ఎనిమిదిన్నర గంటల్లో కట్టేశానని బృందం నాయకుడు బీఫ్‌హార్ట్ చెప్పుకున్నాడు. అంటే కట్టినవాడికన్నా వినేవాడికే ఎక్కువసేపు పడుతుందన్నమాట. ఇదెక్కడి న్యాయం?

ఆ రికార్డు గొప్పది కాదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. జాతి భద్రపరచుకోవలసిన రికార్డింగుల జాబితాలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని చేర్చింది, అంతవాళ్ళతో మనకెందుకు? పేచీ అంతా వాకిలి దగ్గరే. మామూలు రాక్ పాటలో డ్రమ్మరు పట్టిన లెక్కకు గిటార్లూ బేసూ కట్టుబడి ఉంటాయి. ఇందులో రెండు గిటార్లు, బేసు, డ్రమ్ములు తలా ఒక లెక్కలో నడుస్తాయి. ఒక్కొక్కరు మళ్ళీ మళ్ళీ వాయించే స్వరాల వరస ఒక్కో పొడవు. ఎప్పుడో ఒకచోట అందరూ కలుసుకుంటారు, కుశలప్రశ్నలైనా పూర్తికాకుండానే విడిపోతారు. పైగా బీఫ్‌హార్ట్ హెడ్‌ఫోన్లు వద్దని, స్టూడియో అద్దం అవతల నుంచి లీలగా వినబడిన వాద్యాలను బట్టి పాడాడు. కొత్త చెవికి ఇదంతా తాళం తప్పిన గోలలా తోస్తుంది. నిజానికి ఎవరి తాళం వాళ్ళు తు.చ. తప్పకుండా వేస్తున్నారు. ఈ రెండు ముక్కలు ముందే చెప్తే శ్రోతకు సగం శ్రమ తగ్గేది. చెప్పరు. ఏడుసార్లు వినమంటారు.

ఏడు అనే అంకెకు ఆధారం లేకపోలేదు. ‘ది సింప్సన్స్’ సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్ కుర్రతనంలో ఈ రికార్డు కొని, ఇంత చెత్త ఎన్నడూ వినలేదనుకుని, ఆరోసారికో ఏడోసారికో ఇంత గొప్పది ఎన్నడూ వినలేదనే దాకా వచ్చానని చెప్పాడు. అభిమానులకు అదే వేదవాక్కు. రెండోసారికే రికార్డును అటక ఎక్కించినవాళ్ళను ఎవరైనా ఇంటర్వ్యూ చేశారా? గట్టెక్కినవాళ్ళ సాక్ష్యంతోనే ఏరు లోతు లేదని తేల్చేస్తే ఎలా? అసలు 1968లోనే, ఈ రికార్డు బయటికి రావడానికి ఏడాది ముందు, రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టాడు. అర్థంలేని పదాలైనా, చైనా లిపిని పోలిన గీతలైనా పదేపదే ఎదురైతే చాలు, మనుషులు వాటి మీద ఇష్టం పెంచుకుంటారట. మరి ఏడోసారికి నచ్చిందంటే అది పాట గొప్పతనమా, అలవాటు మహిమా? ఆ లెక్కన పక్కింటి బోరు మోటారు చప్పుడు కూడా ఈపాటికి నచ్చాలి కదా అని అభిమాని ఎదురు తిరగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదటే చిరాకు పుట్టించినదాన్ని ఎన్నిసార్లు వినిపించినా చిరాకే ముదిరే అవకాశం ఉంది. కానీ ఈ వాదన చివరికి అభిమాని కొంపే ముంచుతుంది. తొలి పరిచయం వికటిస్తే పునశ్చరణ పనిచేయదని తెలిసీ, వికటించే పరిచయమే ఎందుకు చేస్తున్నట్టు? ఇక తెలుగు అభిమాని అయితే వేమన వేపాకును అడ్డం వేస్తాడు. వేమన అదే పద్యంలో రాగం సంగతీ ఎత్తాడు. అయితే పదేపదే సాధన చేయమన్నది పాడేవాణ్ని. వినేవాడికి ఏ శిక్షా వేయలేదు.

అట్ట సంగతి కూడా తేల్చుకోవాలి. పేరులో ఉన్నది ట్రౌట్. బీఫ్‌హార్ట్ మొహానికి అడ్డం పెట్టుకున్నది కార్పు చేప తల. ట్రౌట్ చల్లటి కొండవాగుల్లో ఈదే చేప, కార్పు చెరువు అడుగున బురద కెలుక్కుని బతికే చేప. రెండింటికీ కుటుంబాలే వేరు. ఈ బుకాయింపు కాలిఫోర్నియాలో చెల్లింది గానీ కొల్లేటి చుట్టుపక్కల చెల్లేది కాదు. మన శీలావతి, బొచ్చె, బంగారుతీగ అన్నీ కార్పు కుటుంబానివే కదా. ఆకివీడు వైపు చేపలమ్మే ఆవిడెవరైనా ఈ అట్ట ఒక్కసారి చూసి, “చెరువు చేపను పట్టుకొచ్చి కొండ చేపంటావేంటి బాబూ” అని కడిగేస్తుంది. ఆ తర్వాతి ప్రశ్న ఇంకా గట్టిది. తలకాయ ఇక్కడుంటే మొండెం ఏమైంది? పులుసుకు పనికొచ్చే తలను పట్టుకుపోయి ఫొటోకు నిలబెట్టడం ఏ కళాసిద్ధాంతం కింద ఒప్పుకోవాలి? పైగా ఆయన నెత్తిన పొడుగు టోపీ, దాని మీద బ్యాడ్మింటన్ కాకు. చేపకూ కాకుకూ ఏం సంబంధమని అడిగితే అధివాస్తవికత అంటారు. రెప్లికా అన్నారు గనక కార్పు తల ట్రౌట్ ముసుగుకు నకలు అయి ఉంటుందని ఇంకొకరు సమర్థిస్తారు. జిల్లా కోర్టులో కూడా ప్లీడర్లు ఇంత దూరం పోరు. చేపను గుర్తుపట్టలేనివాళ్ళ మాట నమ్మి తొమ్మిది గంటలు ధారపోయమంటే ఎవరికైనా చెయ్యి వెనక్కే పోతుంది.

ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ బృందమే శ్రోత వైపు నాలుగడుగులు వేసిన చోట. 1967లో వచ్చిన తొలి రికార్డు ‘సేఫ్ యాజ్ మిల్క్’లో ఇరవై ఏళ్ళ రై కూడర్ గిటారు ఉంది, బ్లూస్ వాసన ఉంది, బీఫ్‌హార్ట్ గొంతు ఎంత లోతుకు దిగగలదో తెలుస్తుంది. 1972 నాటి ‘క్లియర్ స్పాట్’ ఇంకా మేలు. దానికి నిర్మాత డూబీ బ్రదర్స్‌కు హిట్లు చేసిపెట్టిన టెడ్ టెంపుల్‌మన్. అందులోని ఒక ప్రేమపాటను ‘ద బిగ్ లెబౌస్కీ’ సినిమాలో కూడా వాడుకున్నారు. అదే రికార్డులో ‘బిగ్ ఐడ్ బీన్స్ ఫ్రమ్ వీనస్’ అనే పాట వినండి. ఆ వంకర గిటార్లే, కాకపోతే కాలు ఆడించడానికి ఒక దరువు తోడుంది. ఇది చెవికెక్కినవాడు 28 పాటలకు బెదరడు. అభిమాని ఊరుకోడు, నీళ్ళు కలిపిన సరుకుతో మొదలుపెట్టిస్తారా అంటాడు. 1974 నాటి ‘అన్‌కండిషనల్లీ గ్యారంటీడ్’ను సాక్ష్యానికి పిలుస్తాడు. సాక్షి బలమైనదే. అందరికీ నచ్చాలని చేసిన ఆ రికార్డు దెబ్బకు బృందం బృందమంతా వెళ్ళిపోయింది. ఆ ఏడాది చేసిన రెండు రికార్డులనూ బీఫ్‌హార్టే తర్వాత కాదు పొమ్మన్నాడు, కొన్నవాళ్ళు తిరిగిచ్చేసి డబ్బు తెచ్చుకోమన్నాడు కూడా. కొట్టువాడు ఏమంటాడో ఆలోచించలేదు. అయితే శ్రోతను లోపలికి రమ్మనడం వేరు, శ్రోత కాళ్ళ మీద పడటం వేరు. ‘క్లియర్ స్పాట్’ పడలేదు.

ఇక ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’ పాటలు కట్టిన ఆ ఎనిమిదిన్నర గంటలూ ఉత్త మాటే. లాస్ ఏంజెలిస్‌లోని ఉడ్‌లాండ్ హిల్స్‌లో ఒక అద్దె ఇంట్లో, ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ళు నెలల తరబడి, రోజుకు 12, 14 గంటలు సాధన చేశారు. బీఫ్‌హార్ట్‌కు పియానో రాదు. మీటల మీద ఆయన తోచినట్టు వాయించిందంతా డ్రమ్మరు జాన్ ఫ్రెంచ్ స్వరాలుగా రాసుకుని, అతుకులు వేసి, ఎవరి ముక్క వాళ్ళకు నేర్పాడు. ఒక దశలో రోజుకు చిన్న కప్పు సోయాబీన్సుతో గడిపారు. తిండి దొంగతనం చేసి పోలీసులకు చిక్కారు. బీఫ్‌హార్ట్‌కు ఎవరి మీదైనా కోపం వస్తే వాణ్ని మధ్యలో కూర్చోబెట్టి గంటల తరబడి దులిపేవాడని వాళ్ళే తర్వాత పుస్తకాల్లో రాసుకున్నారు. 20 పాటల వాద్యాలను స్టూడియోలో ఆరు గంటల్లో ముగించారంటే ఆ వేగం ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది. విమర్శకులకు అందులో కట్లు తెంచుకున్న స్వేచ్ఛ వినిపించింది. ఆ ఇంట్లో అది ఒక్కడికే ఉండేది. ఇదంతా తెలిశాక 79 నిమిషాల కష్టం గురించి సణుక్కోవడానికి కొంచెం సిగ్గేస్తుంది.

అయినా ఏడుసార్ల సలహాకు మాఫీ లేదు. కొత్తవాడికి ఆ రికార్డే ఇచ్చి తీరాలంటే, ఒక్కసారి డ్రమ్ములను మాత్రమే పట్టుకుని వినమనండి. గిటార్లు ఎటు పోయినా మళ్ళీ ఒక దారికి తెస్తున్నవి ఆ చేతులే. వాయించినవాడి పేరు కూడా మీరే చెప్పండి, మొదట అచ్చయిన అట్ట మీద ఎంత వెతికినా ఫ్రెంచ్ పేరు దొరకదు.