నెట్‌బుక్కూ మోడెమూ నేనూ

నెట్‌బుక్ అనే జాతి భూమ్మీద బతికింది గట్టిగా ఐదేళ్లు. 2007లో అసూస్ వాళ్ల ఈ-పీసీతో పుట్టింది. ఏడంగుళాల తెర, నాలుగు జీబీ డిస్కు. 2010లో ఐప్యాడ్ వచ్చి దాని సీటు లాక్కుంది. 2012 ముగిసేసరికి పెద్ద కంపెనీలు తయారీయే మానుకున్నాయి. ఈ లోపల అమెరికాకి చదువుకి వెళ్లిన మేనల్లుళ్లు చాలామంది తమ నెట్‌బుక్కుల్ని ఎవరో ఒక మావయ్యకి అంటగట్టి మరీ విమానం ఎక్కారు. కాకినాడలో ఆ మావయ్యని నేను.

మావాడిచ్చిన దానికి పదంగుళాల తెర, ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, ఒక జీబీ ర్యామ్. లోపలున్నది విండోస్ 7 స్టార్టర్. ఆ ఎడిషన్‌లో వాల్‌పేపర్ మార్చుకునే వీలు లేదు. అద్దె కొంపలో కూడా మేకు కొట్టి క్యాలెండరు తగిలించుకుంటాం కదా, ఇందులో అదీ కుదరదు. స్విచ్చి నొక్కి స్నానానికి వెళ్తే, తల తుడుచుకుంటూ వచ్చేసరికి తెరుచుకునేది. యాంటీవైరస్ కూడా అప్పుడే నిద్ర లేచిందంటే టిఫిను కూడా కానిచ్చి రావచ్చు.

"దాంట్లో జోలీక్లౌడ్ వేసుకో మావయ్యా," అన్నాడు వాడు స్కైప్‌లో. "లినక్సే. తేలిగ్గా ఉంటుంది. నీ మెయిలూ, ఫైళ్లూ, పాటలూ అన్నీ నెట్‌లోనే ఉంటాయి. నీ దగ్గర బ్రౌజరొక్కటి ఉంటే చాలు."

వాడు చెప్పినది పిచ్చి మాటేం కాదు. నెట్‌వైబ్స్ పెట్టిన తారిఖ్ క్రిమ్ అనే ఆయన పారిస్‌లో కూర్చుని తలపెట్టిన పని అది. ఉబుంటు మీద కట్టారు. చిన్న కంప్యూటర్లకి పెద్ద పనులు చెప్పడం మానేసి, బరువంతా ఎక్కడో ఉన్న సర్వర్ల నెత్తిన పెడదామన్నది ఆలోచన. 2009లో గూగుల్ క్రోమ్ ఓఎస్ ప్రకటించిందీ ఇదే ఆలోచనతో. కాకపోతే గూగుల్ వారి క్రోమ్‌బుక్కులు అంగట్లోకి వచ్చింది 2011లో, అదీ కొత్తగా కొనుక్కోవాలి. పారిస్ వాళ్లు మాత్రం నీ దగ్గరున్న డొక్కులోనే వేసుకోమన్నారు. నాలాంటి పిసినారికి ఇంతకంటే సిద్ధాంతం ఏం కావాలి?

డౌన్‌లోడ్ చెయ్యాల్సింది ఒక సీడీ నిండేంత, 700 ఎంబీ అనుకోండి. ఆ రోజుల్లో ప్రభుత్వం లెక్క ప్రకారం సెకనుకి 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చు. 2013లో గానీ ఆ లెక్క 512కి పెరగలేదు. నా ప్లానులో రాత్రి 2 గంటల నుంచి పొద్దున్న 8 దాకా నెట్ ఉచితం, తక్కినదంతా మీటరు. ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. 256 కిలోబిట్ల లైను మీద 700 ఎంబీ దిగాలంటే ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ఉచితం సరిగ్గా ఆరు గంటలు. ఆ పైచిలుకుకే బిల్లు వచ్చేది. ఈ ప్లాను రాసినాయన ఎవరో గానీ లెక్కల్లో దిట్ట.

ఇన్‌స్టాలేషన్ చకచకా అయిపోయింది. లోపలికి వెళ్లాలంటే ఖాతా తెరవాలి, అందుకు నెట్ ఉండాలి. నెట్‌కి వైఫై కావాలి, ఆ వైఫై చిప్పుకి డ్రైవరు కావాలి, డ్రైవరేమో నెట్‌లో ఉంది. ఆ చిప్పు చేసినవాళ్ల పేరెందుకు లెండి. తప్పనిసరై మోడెం నుంచి తీగ లాగాను. మోడెం టీవీ బల్ల మీద, తీగ మూరెడు. అలా మా ఇంట్లో వాళ్లంతా సీరియల్ చూస్తుండగా, టీవీ పక్కన స్టూలు వేసుకుని, వాళ్ల వైపు ముఖం పెట్టి నేను క్లౌడ్‌లో ప్రవేశించాను.

బాగుంది. నిజంగానే బాగుంది! తెర నిండా పెద్ద పెద్ద బొమ్మలు వరసగా, ఇప్పటి ఫోనుల్లో ఉన్నట్టే. స్టార్ట్ బటన్ వెతుకులాట లేదు, యాంటీవైరస్ లేదు. వేరే కంప్యూటర్లో నా ఖాతా తెరిస్తే అక్కడా అవే బొమ్మలు. తెలుగు టైపు చెయ్యడానికి లేఖిని బ్రౌజర్లోనే పనిచేసేది కాబట్టి ఆ దిగులూ తీరింది. తెర ఎత్తు 600 పిక్సెళ్లే కావడంతో కొన్ని విండోల్లో 'ఓకే' బటన్ తెర కిందికి జారిపోయి కనిపించేది కాదు. ఆల్ట్ నొక్కి పట్టుకుని మౌసుతో కిటికీని మొత్తం పైకి ఈడ్చి, అట్టడుగున దాక్కున్న ఓకేని నొక్కాలి. లినక్స్ వాళ్లంతా దాన్ని ఒక సౌకర్యంగా చెప్పుకుంటారు.

ఆ తర్వాత 2012 వేసవి వచ్చింది. కరెంటు కోతల వేళలు పేపర్లో అచ్చు వేసేవాళ్లు గుర్తుందా? నెట్‌బుక్కుకి ఉన్న గొప్పల్లో మొదటిది బ్యాటరీ. కరెంటు పోయినా గంటల తరబడి నిక్షేపంగా వెలుగుతుంది. మోడెంకి బ్యాటరీ లేదు. ఇన్వర్టరు కనెక్షన్ ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఇప్పించారు మావాళ్లు. కరెంటు పోగానే మోడెం పోయేది, దానితో నా మెయిలూ, ఫైళ్లూ, పాటలూ కట్టగట్టుకుని పోయేవి. నెట్‌లో సగం రాసుకున్న వ్యాసం తెర మీద నన్నే చూస్తుండేది. ఒక అక్షరం కొడితే అది ఎక్కడికి వెళ్లిందో దానికీ తెలియదు, నాకూ తెలియదు.

"బ్యాటరీ ఉందన్నారుగా, మరి పనిచెయ్యదేమండీ?" అంది మా ఆవిడ విసనకర్ర ఊపుకుంటూ.

"పనిచేస్తూనే ఉందే. చెయ్యడానికే పని లేదు."

నా ఉద్దేశంలో ఆ ఓఎస్‌ది దోషమేమీ లేదు. చెప్పినదంతా చేసింది. కంప్యూటర్ మీది బరువు దించి లైను మీద పెట్టింది, అంతే. మా వీధిలో కంప్యూటర్ కంటే బలహీనమైనది ఆ లైనే అన్న సంగతి పారిస్‌లో వాళ్లకి ఎవరు చెప్తారు?

విచిత్రమేమిటంటే, 2016లో జోలీక్లౌడ్ దుకాణం కట్టేసింది. అదే ఏడాది సెప్టెంబరులో జియో 4జీ వచ్చి దేశమంతా నెట్‌ని కుమ్మరించింది. అంటే క్లౌడ్ ఉన్నన్నాళ్లూ లైను లేదు, లైను వచ్చేసరికి ఆ క్లౌడ్ లేదు. ఇవాళ మా ఇంట్లో ప్రతి ఫోనూ చేస్తున్నది ఆనాడు ఆ తారిఖ్ క్రిమ్ చెప్పినదే. ఫొటోలు ఎక్కడున్నాయని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఎవరికీ దిగులూ లేదు.

గూగుల్ వాళ్లు 2022లో పాత కంప్యూటర్లకి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అని ఉచితంగా ఇచ్చారని విని, మళ్లీ అటక మీంచి నెట్‌బుక్కు దించాను. దానికి 64 బిట్ల ప్రాసెసరు, నాలుగు జీబీ ర్యామ్ కావాలట. నాది 32 బిట్లు, ఒక జీబీ. బరువంతా ఎక్కడో సర్వర్లు మోస్తున్నప్పుడు ఈ నాలుగు జీబీలు ఎవరు తింటున్నారో ఆ పరమాత్ముడికే ఎరుక.

చివరికి అందులో డెబియన్ 12 అనే మామూలు లినక్స్ వేశాను. రాసుకునేదంతా దాని డిస్కులోనే ఉంటుంది, కరెంటు పోయినా ఉంటుంది. మీ అటక మీద కూడా అలాంటిదొకటి ఉంటే పాత సామాన్లవాడికి ఇవ్వకండి. 32 బిట్ల యంత్రాల్లో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే వీలు డెబియన్ 13 నుంచి తీసేశారు. 12కి మాత్రం 2028 జూన్ దాకా మరమ్మతులు అందుతాయి. దించేదేదో ఈలోపే దించండి.