వస్తోంది, వస్తోంది

ఇంగ్లండులో ఏ ఊరికి వెళ్లినా ఒక పాత కారు దొరగారు తగులుతారు. అరవై దాటి ఉంటాయి. పెన్షను వస్తూ ఉంటుంది. వేళ్ల దగ్గర కత్తిరించిన ఉన్ని గ్లౌజులు తొడుక్కుని శనాదివారాలు గ్యారేజీలోనే కాపురముంటారు. ఆ గ్యారేజీలో ఎంజీబీ ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల గుడ్డ టాపు కారు అది. బయట వానలో ఇంకో కారుంటుంది. అది ఎక్కగానే సీటు కూడా వెచ్చబడుతుంది, ఎప్పుడూ చెడిపోదు. అది దొరసానిది. దొరగారు దాన్ని కారనరు.

మా పక్కింటి దొరగారు ఈ వర్గంలో మొదటి రకం. చలికాలంలో ఆయన పక్క సీట్లో కూర్చున్న వాళ్లంతా కాసేపటికి అడిగే ప్రశ్న ఒకటే: "హీటరు వేశారా?" దొరగారు డాష్‌బోర్డును ఆప్యాయంగా తట్టి, "వస్తోంది, వస్తోంది" అంటారు. ఏది వస్తోందో చెప్పరు. వచ్చేది ముందుగా మనం దిగాల్సిన చోటు. దిగేటప్పుడు ఎడమ కాలి బొటనవేలి దగ్గర ఏదో గోరువెచ్చగా తగిలినట్టుంటుంది. ఆ మాట పొరపాటున పైకి అన్నామా, దొరగారి మొహం వెలిగిపోతుంది. "చూశారా, అంతా ఇంజను వేడే!" అని మళ్లీ ఎక్కమంటారు.

ఈ చలికి ఒక వంశ చరిత్ర కూడా ఉంది. తొలినాళ్ల ఎంజీబీకి హీటరు ఉచితంగా ఇచ్చేవారు కాదు, కావాలంటే అదనంగా డబ్బు కట్టి పెట్టించుకోవాలి. ఊపిరి వదిలితే పొగ కనిపించే దేశంలో హీటరు విలాస వస్తువన్నమాట! మనమైతే ఆ కంపెనీ వాణ్ణి తిట్టుకుంటాం. దొరగారు మాత్రం గోత్రం చెప్పుకున్నంత గర్వంగా చెబుతారు. పైగా నలభై ఏళ్లు దాటిన బండికి ఈ దేశంలో రోడ్డు పన్ను కట్టక్కర్లేదు. మిగిలిన ఆ డబ్బు గ్యారేజీలో సామానుగా మారుతుంది.

హీటరు పనిచేసే తీరు మా బామ్మకు చెప్పినా అర్థమవుతుంది. ఇంజనులో కాగిన నీళ్లు, దాని తల (సిలిండరు హెడ్డు) వెనక భాగాన ఉన్న చిన్న వాల్వు గుండా బయటికి వచ్చి, హీటరు పెట్టెలోని బుల్లి రేడియేటరులోకి వెళతాయి. అద్దం ముందున్న జాలీలోంచి లోపలికొచ్చే గాలి దాని మీదుగా పోయి వేడెక్కి మన కాళ్ల మీదికి వస్తుంది. డాష్‌బోర్డు మీద రెండు గుండ్రటి మీటలు. ఒకటి తిప్పితే కేబులు లాగి ఆ వాల్వును తెరుస్తుంది, రెండోది గాలిని అద్దానికా కాళ్లకా అని పంచుతుంది. ఇంతే.

చలి కొడుతున్న కారణం కనిపెట్టడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. ఇంజను వేడెక్కాక, పెట్టెకు వెళ్లే రబ్బరు పైపులు రెండింటినీ రెండు చేతులతో పట్టుకుంటే చాలు. వెళ్లేది వేడిగా, వచ్చేది చల్లగా ఉంటే బుల్లి రేడియేటరు పూడుకుపోయింది. రెండూ చల్లగా ఉంటే వాల్వు తెరుచుకోవడం లేదు. రెండూ వేడిగా ఉంటే నీళ్ల తప్పేం లేదు, గాలి దారి చూసుకోవాలి. ఈ నాడీ పరీక్ష దొరగారికి కంఠతా వచ్చు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతారు. కానీ తాను చెయ్యరు. చేస్తే రెండు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది, శనివారమంతా అలాగే మిగిలిపోతుంది.

ఆయన వైద్యం రోగాన్ని బట్టి సాగదు, సొరుగులో ఏ సామాను ఉందో దాన్ని బట్టి సాగుతుంది. పోయిన శీతాకాలం సొరుగులో కొత్త థర్మోస్టాటు ఉంది కాబట్టి మొదటి ముద్దాయి అదే. పాతదాన్ని విప్పి చూస్తే దాని మీద 74 డిగ్రీలని రాసుంది. అది వేడి దేశాల కోసం చేసింది. ఇంగ్లండుకు 82, మరీ చలికి 88. ఎవరో పాత యజమాని వేసవిలో ఇంజను ఉడుకుతోందని దాన్ని పెట్టి వెళ్లిపోయాడు. ఇక్కడ నాకూ కాస్త గౌరవం దక్కింది. మన అంబాసిడరు ఇంజనూ ఈ ఎంజీబీ ఇంజనూ బి-సిరీస్ అనే ఒకే కుటుంబం పిల్లలు, మనది 1489 సీసీ, ఆయనది 1798. మా ఊళ్లో మేస్త్రీలు థర్మోస్టాటు డిగ్రీల లెక్క పెట్టుకోకుండా దాన్ని ఏకంగా పీకి పారేసేవారని చెప్పాను. దొరగారు టోపీ తీసి ఒక్క క్షణం మౌనం పాటించారు.

88ది పెట్టారు. ఇంజను వేడి చూపే ముల్లు కాస్త పైకి లేచింది. కాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

తరవాత తోట పైపు తెచ్చి బుల్లి రేడియేటరులోకి ఎదురు దిశలో నీళ్లు కొట్టారు. అచ్చం ఉలవచారు రంగు నీళ్లు బకెట్టు నిండా వచ్చాయి. ఆ బకెట్టును వీధిలో నలుగురికీ చూపించారు. కుక్కను తిప్పుతున్న ఒకావిడకు కూడా. అంత మడ్డి బయటపడ్డాక రోగం తీరి ఉండాల్సిందే కదా? తీరలేదు. దాంతో పెట్టెనే బయటికి తియ్యాలని తీర్మానం జరిగింది.

ఎంజీబీ యజమానుల్లో ఒక పాత హాస్యం ఉంది: కంపెనీవాళ్లు ముందు హీటరును దారానికి వేలాడగట్టి, దాని చుట్టూ కారు కట్టారని. నేను నమ్ముతాను. పెట్టె ఇంజను వైపు అరుగు మీద కూర్చుని ఉంటుంది, దాని కాళ్లు మాత్రం కారు లోపల ఉంటాయి. అందుకని అటు మరలు తియ్యాలి, ఇటు డాష్‌బోర్డు కింద తల దూర్చి గొట్టాలూ కేబుళ్లూ ఊడదియ్యాలి. ఇల్లు పీకి పందిరేసే పని ఇదే. దొరగారి నడుమూ కాళ్లూ తలుపులోంచి బయటికి, మిగతా దొరగారు లోపలికి. మరలన్నీ తీశాక కూడా పెట్టె కదలదు. యాభై ఏళ్ల కిందటి సీలు పట్టుకుని ఉంటుంది. లాగి, ఊపి, బతిమాలి, కణుపుల మీద చర్మం సమర్పించుకున్నాక ఒక్కసారిగా ఊడి, లోపల మిగిలిన నీళ్లన్నీ కొత్త కార్పెట్టు మీద పోస్తుంది. ఇక బిగించడమంటారా, విప్పిన వరసను తిరగేస్తే సరి అని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ ముక్క రాసినవాడు ఎప్పుడూ కారు కింద పడుకుని ఉండడు.

పెట్టెలో రేకు తలుపులకు అతికించిన స్పాంజి పట్టీలు పొడిపొడిగా రాలిపోయి కనిపించాయి. కొత్తవి అతికించారు. ఫ్యాను శుభ్రం చేశారు. పాత పొడి మొత్తం దులిపానని చెప్పారు కూడా. మర్నాడు ఒక పెళ్లికి దొరసాని మీగడ రంగు ఉన్ని కోటు వేసుకుని పక్కన కూర్చుంది. దొరగారు ఫ్యాను మీట నొక్కారు. అద్దం దగ్గరి చీలికలోంచి నల్లటి స్పాంజి నలకలు జడివానలా లేచి కోటు మీదా, టోపీ మీదా, పెదవుల రంగు మీదా వాలాయి. "చూశావా, గాలి ఎంత బాగా కొడుతోందో!" అన్నారట. ఆవిడ దిగి, బయటున్న కారు తాళం తీసుకుని, ఒక్కతే పెళ్లికి వెళ్లింది.

చివరికి రోగం దొరికింది. వాల్వు దగ్గర కేబులును పట్టి ఉంచే క్లిప్పు మర వదులైపోయింది. మీట పూర్తిగా తిప్పినా వాల్వు సగమే తెరుచుకుంటోంది. స్క్రూడ్రైవరుతో మూడు తిప్పులు. అంతే, కాళ్లు కాలిపోయేంత వేడి! దొరగారు సంతోషించాల్సింది, కానీ చిన్నబోయారు. ఇన్నాళ్ల శ్రమకు కారణం ఒక బిళ్లంత మర అని పబ్బులో ఏ మొహంతో చెబుతారు? అక్కడ బుల్లి రేడియేటరు కథే చెప్పారు, బకెట్టు ఈసారి రెండు బకెట్లయింది. నేను కాదనలేదు. పొరుగువాడి మీద సాక్ష్యం చెప్పే అలవాటు మా ఇంటా వంటా లేదు.

హీటరు బాగైంది కనుక ఆ వారమే టాపు తీసేసి, మంచు కురుస్తుండగా ఊరంతా తిరిగారు. నడుము దాకా కుంపటి, మెడ పైన హిమాలయం. దొరసాని కిటికీలోంచి చూసింది, అంతే.

మే నెల వచ్చింది. ఇప్పుడు వాల్వు మూసుకోవడం లేదు. ఎండలో కాళ్ల మీద వేడి గాలి, చెప్పులు జారేంత చెమట. కొత్త వాల్వు కొన్నారు. పాతది విప్పబోతే దాన్ని పట్టుకున్న రెండు స్టడ్లలో ఒకటి తుప్పుపట్టి తలలోనే విరిగింది. అది తియ్యాలంటే ఇంజను తల దించాలి. తల ఎలాగూ దించుతున్నాం కదా, సీసం లేని పెట్రోలుకు తగ్గట్టు ఇంజను వాల్వులకు గట్టి సీట్లు కూడా వేయిస్తే? సీసం కలిపిన పెట్రోలు 2000 నుంచి మామూలు బంకుల్లో లేదు, ఆయనకు ఆ లోటు ఇన్నేళ్ల తరవాత ఆ రోజే గుర్తొచ్చింది. తల తీశాక క్లచ్చు ఎంత దూరం?

నిన్న సాయంత్రం కంచె దగ్గరికి వచ్చి, మా గ్యారేజీలో ఒక మూల ఖాళీ ఉందా అని అడిగారు. ఉందన్నాను. "ఎంత మూల?" అన్నారు.