‘సంతకం పెట్టెయ్, ఏం కాదులే’: ఉద్యోగ ఒప్పందాల మీద వినకూడని సలహాలు

“బాండా? కోర్టులో చెల్లదురా. సంతకం పెట్టెయ్.”

క్యాంపస్ సెలెక్షన్ అయిన పిల్లలకు సీనియర్లు ముందుగా చెప్పే మాట ఇదే. ఆఫర్ లెటర్ పట్టుకుని సలహా కోసం వచ్చేవాళ్లలో చాలామంది ఈ మాట నమ్మి సంతకం పెట్టేశాకే వస్తారు. అందుకే చెడ్డ సలహాల్లో దీన్ని మొదట పెడుతున్నాను.

బాండ్ చెల్లదన్నది నిజం కాదు. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. మూడేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలి అన్నది అక్కడి షరతు. ఒక అధికారి గడువు తీరకముందే రాజీనామా చేసి, డబ్బు కట్టి వేరే బ్యాంకులో చేరాడు. ఆ షరతు చెల్లదని కోర్టుకెక్కాడు. కర్ణాటక హైకోర్టులో గెలిచి సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టుకున్న అలాంటి షరతు బతుకుదెరువుకు అడ్డు కిందకు రాదని, ప్రభుత్వరంగ బ్యాంకు మళ్లీ నియామకాలు జరపాలంటే ఖర్చూ కాలమూ పడతాయని, ఆయన హోదాకూ జీతానికీ ఆ మొత్తం మరీ ఎక్కువేం కాదని కోర్టు చెప్పింది.

అలాగని బాండ్‌లో రాసిన అంకె అంతా కట్టి తీరాలని లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి. అంతకు మించకుండా సబబైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. కొత్తగా చేరిన పిల్లాడికి పేరుకు రెండు వారాల శిక్షణ ఇచ్చి లక్షలకు బాండ్ రాయించుకున్న కంపెనీకీ, పైన చెప్పిన బ్యాంకుకూ చాలా తేడా ఉంది. కానీ ఆ తేడా కోర్టులో చూపించడానికి ఏళ్లు పడుతుంది. సంతకానికి ముందైతే మూడు మాటలు మార్పించుకుంటే సరిపోతుంది. ఒకటి, “ఏ కారణం వల్ల ఉద్యోగం ముగిసినా” అని ఉంటే “ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే” అని మార్చమనండి. లేకపోతే కంపెనీయే తీసేసినా బాండ్ డబ్బు అడగడానికి దారి ఉంటుంది. రెండు, పనిచేసిన ప్రతి నెలకూ బాకీ తగ్గుతూ రావాలని రాయించండి. మూడేళ్ల బాండ్‌లో ముప్పై నాలుగు నెలలు పనిచేసినవాడు పూర్తి మొత్తం కట్టడం అన్యాయం. మూడు, శిక్షణ ఏమిటో, ఎన్నాళ్లో, దాని ఖర్చెంతో అందులోనే ఉండాలి.

బాండ్‌తో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు అడిగితే ఇవ్వొద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పెట్టుకోవద్దని బతిమాలి చెబుతున్నాను. బాండ్ సివిల్ వ్యవహారం. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టే వీలుంది. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా పడవచ్చు. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం కూడా అంతే ప్రమాదం. పదో తరగతి, డిగ్రీ ఒరిజినల్స్ తనిఖీకి చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. జెరాక్సులు ఎన్ని కావాలన్నా ఇవ్వండి.

దీనికి ఎదురు సలహా ఇళ్లలో వినిపిస్తుంది: “బాండ్ రాశావు కాబట్టి ఎంత కష్టమైనా ఉండాల్సిందే, మానేస్తే పోలీసులు వస్తారు.” ఈ భయంతో ఆరోగ్యం పాడుచేసుకున్న పిల్లల్ని తలచుకుంటే బాధేస్తుంది. ఇష్టంలేని మనిషి చేత బలవంతంగా ఉద్యోగం చేయించమని మన కోర్టులు ఆదేశించవు. వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని అలా అమలు చేయించడం 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఒప్పుకోదు. కంపెనీ అడగగలిగేది డబ్బు మాత్రమే. అమ్మానాన్నలు ఇది ముందు తెలుసుకోవాలి.

“క్లాజు మార్చమంటే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు” అన్నది ఇంకో మాట. వేలమందికి ఒకే నమూనాలో లెటర్లు పంపే పెద్ద కంపెనీ, ఫ్రెషర్ అడిగితే ఒక్క అక్షరం కూడా మార్చకపోవచ్చు. కానీ సందేహానికి మెయిల్‌లో జవాబు ఇస్తుంది, ఆ జవాబు రేపు మీ చేతిలో సాక్ష్యం. అయిదారేళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ, స్టార్టప్‌లలో చేరేవాళ్లకూ, చిన్న కంపెనీల్లో మేనేజర్లుగా వెళ్లేవాళ్లకూ బేరమాడే వీలు వాళ్లు అనుకునేదానికన్నా ఎక్కువ. మిమ్మల్ని ఎంచుకోవడానికి నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టిన సంస్థ, మర్యాదగా రాసిన రెండు ప్రశ్నలకు ఆఫర్ రద్దు చేసుకోవడం అరుదు. అలా చేసిందంటే అక్కడ చేరకపోవడమే నయమని నా అభిప్రాయం.

ఫోన్‌లో అడగొద్దు, రాయండి. పది అభ్యంతరాలు పెట్టకండి, ముఖ్యమైనవి రెండో మూడో ఎంచుకోండి. ఇది బాగాలేదు అని ఊరుకోకుండా దాని బదులు ఏ వాక్యం ఉండాలో మీరే రాసి పంపండి. హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని తమ లీగల్ విభాగానికి అలాగే పంపగలగాలి. ఎక్కువమందికి పనికొచ్చేవి ఇవి. నోటీస్ పీరియడ్ మీకు 90 రోజులు, కంపెనీకి 30 రోజులు అని ఉంటే ఇద్దరికీ ఒకటే అడగండి. మిగిలిన రోజులకు జీతం కట్టి వెళ్లడం కంపెనీ దయ మీద కాకుండా మీ హక్కుగా ఉండాలనండి. జాయినింగ్ బోనస్ ఏడాదిలోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలని ఉంటే, పన్ను పోగా చేతికొచ్చినంతే ఇస్తానని, అదీ నెలల లెక్కన తగ్గాలని రాయించండి. సీటీసీలో గ్రాట్యుటీ కలిపి చూపించారేమో చూడండి. పర్మినెంట్ ఉద్యోగి మామూలుగా అయిదేళ్లు పూర్తిచేయకుండా మానేస్తే ఆ సొమ్ము రాదు కాబట్టి దాన్ని జీతంగా లెక్కేసుకుని పాత ఉద్యోగంతో పోల్చుకోవద్దు.

హెచ్‌ఆర్ “అదంతా ఫార్మాలిటీ అండీ, మేం ఎప్పుడూ వాడలేదు” అంటే ఆ మాటనే మెయిల్‌లో పెట్టమనండి. ఇంతకుముందు జరిగిన సంభాషణలన్నీ ఈ పత్రంతో రద్దు అని చాలా ఒప్పందాల్లో ఒక వాక్యం ఉంటుంది. నోటిమాటను అది మింగేస్తుంది.

నాన్-కంపీట్ గురించి సగం నిజం ప్రచారంలో ఉంది: “మన దేశంలో అది చెల్లదు, చదవక్కర్లేదు.” ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు, అది నిజమే. అయితే ఉద్యోగంలో ఉండగా పోటీదారుకు పనిచేయకూడదనే షరతు చెల్లుతుందని 1967లోనే సుప్రీంకోర్టు గోలికరి కేసులో తేల్చింది. కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు మానేశాక కూడా వెంటాడుతుంది. ఒప్పందానికి వర్తించే చట్టం సింగపూర్‌దో ఇంగ్లండ్‌దో అయితే అక్కడి కోర్టులు సమంజసమైన నాన్-కంపీట్‌ను అమలు చేస్తాయి. విదేశీ కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తున్నవాళ్లు ఈ ఒక్క వాక్యం కోసమైనా ఒప్పందం చివరిదాకా చదవాలి.

చివరి పేజీలే కదా అని వదిలేసేవాళ్లకు 2025 ఏప్రిల్‌లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కేసుల్లో వచ్చిన తీర్పు చెప్పాలి. ఉద్యోగం పోయినవాళ్లు పట్నాలో ఒకరు, ఢిల్లీలో ఒకరు దావా వేశారు. వివాదాలన్నీ ముంబై కోర్టుల్లోనే అని ఒప్పందంలో ఉంది. ఉద్యోగి బలహీనుడన్న కారణంతో ఆ షరతును పక్కన పెట్టలేమని సుప్రీంకోర్టు చెప్పింది. వరంగల్‌లోనో విజయవాడలోనో పనిచేసే మనిషి ముంబైకి వాయిదాలకు తిరగగలడా? జీతం బేరమాడినంత పట్టుదలగా కోర్టు ఊరు కూడా అడగండి.

ఉద్యోగం ఇచ్చేవాళ్లకూ ఒక చెడ్డ సలహా అందుతోంది: “నెట్‌లో నమూనా దించుకుని పేర్లు మార్చెయ్.” ఎప్పుడైనా, ఏ కారణం లేకుండానైనా తీసేయవచ్చన్న అమెరికా వాక్యం అలాగే హైదరాబాద్, గుంటూరు కంపెనీల్లోకి వచ్చేస్తోంది. మన రెండు రాష్ట్రాల్లో వర్తించే 1988 షాపులు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే సహేతుకమైన కారణం, నెల నోటీసు లేదా దానికి బదులు జీతం ఉండాలి. చిన్న యజమాని ఒకసారి వకీలుకు ఫీజిచ్చి తన సంస్థకు సరిపోయే ఒప్పందం రాయించుకుంటే ఏళ్లపాటు పనికొస్తుంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ ఏజెంట్లు చెప్పేది మరీ దారుణం: “ఇక్కడి కాగితం ఉత్తదే, అక్కడికెళ్లాక అసలుది ఇస్తారు.” అక్కడ చేతికొచ్చే రెండో కాగితంలో జీతం తగ్గుతుంది, పని మారుతుంది. విదేశాలకు పనికెళ్లేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్లండి. ఆయన తీసుకోదగ్గ సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకుమించి కాదు. ఒప్పందం తెలుగులో చదివించుకుని, ఒక ప్రతి ఇంట్లో ఉంచి విమానమెక్కండి.

“వకీలెందుకు, దండగ ఖర్చు” అనేవాళ్లు లీగల్ నోటీసు వచ్చాక అంతకు ఎన్నో రెట్లు పెడతారు. డబ్బులేనివాళ్లకు దారి ఉంది. 1987 న్యాయసేవల చట్టం కింద మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ, కార్మికులకూ, దివ్యాంగులకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆఫర్ లెటర్ ఒక్కటే కాదు, అందులో ప్రస్తావించిన అనుబంధాలు, కంపెనీ పాలసీలు, హెచ్‌ఆర్‌తో నడిచిన మెయిళ్లు అన్నీ ప్రింటు తీసుకెళ్లండి. రెండు రోజుల్లో ఒప్పుకోవాలని లెటర్‌లో ఉంటే, ఇంకో మూడు రోజులు గడువు కావాలని ముందు మెయిల్ పెట్టి, ఆ తర్వాత బయల్దేరండి.