బోరు నీళ్లు పోసి బోరుకు తెచ్చి

నీళ్ల విలువ మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని రాయలసీమ వాళ్లం రొమ్ము విరుచుకుంటాం. నిజమే. ఏ బోరు నీళ్లకు కందిపప్పు ఉడుకుతుందో, ఏ బోరు నీళ్లకు పొద్దుగూకినా ఉడకదో మా ఇళ్లలో ఆడవాళ్లు నాలుక మీద చుక్క వేసుకుని చెప్పేస్తారు. బకెట్టు అంచున తెల్లగా పెచ్చు కట్టిందంటే ఆ నీళ్లు గొంతు దిగవు. ప్లాంటుకు పోయి క్యాను తెచ్చుకోవాల్సిందే. ఇంత జ్ఞానమూ ఇంటి గడప దాకానే. వాకిట్లో నిలబెట్టిన టాటా ఏస్ రేడియేటర్ మూత తిప్పేసరికి అన్ని నీళ్లూ గంగాజలమే.

"కూలెంటు ఏంటికి న్నా, ఊరికే మూడొందలు బొక్క. నీళ్లు పోస్తే సాలదా?" కర్నూలు మార్కెట్ యార్డు దగ్గర ఉల్లిగడ్డల బాడుగకు ఎదురుచూసే డ్రైవరూ ఇదే అంటాడు, ఎర్రగుంట్లలో నాపరాళ్లు ఎత్తించుకునే డ్రైవరూ ఇదే అంటాడు. రెండు జిల్లాల యాసలో తేడా ఉంది గానీ ఈ సిద్ధాంతంలో లేదు.

కూలెంటంటే రంగు నీళ్లని వీళ్ల లెక్క. అందులో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు పట్టకుండా చూసే మందులు. నీళ్లు తొందరగా మరగకుండా అది ఆపుతుంది. రేడియేటర్ మూత దానికి తోడు. కుక్కర్ మీద వెయిట్ మాదిరి లోపల ఒత్తిడి నిలబెట్టి, వేడి 100 డిగ్రీలు దాటినా పొంగనివ్వదు. మా దగ్గర ఆ మూత పోతే పాలిథిన్ కవరు మడిచి పెట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టే నిపుణులున్నారు. ఇంట్లో కుక్కర్ వెయిట్ పోతే మాత్రం ఆ పొద్దే స్టీలు సామాన్ల అంగడికి పరుగు.

అంతకు మించిన వైద్యం ఇంకోటుంది. బండి హీటెక్కుతోందని చూపించగానే మెకానిక్ థర్మోస్టాట్ పీకి అవతల పారేస్తాడు. "మన ఎండలకు ఇది పనికిరాదు న్నా, చలి దేశాలోళ్ల కోసం పెట్టినారు." ఇంజన్ సుమారు 80 డిగ్రీలకు చేరేదాకా నీళ్లను రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపడం దాని పని. నంద్యాలలో 45 డిగ్రీల ఎండ కాసినా ఇంజన్ లెక్కలో అది చల్లటి పూటే. ఆ వాల్వు లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, డీజిల్ సరిగ్గా కాలదు, లోపలి భాగాలు అరుగుతాయి. జ్వరం చూసే థర్మామీటర్‌ను పగలగొట్టి జ్వరం తగ్గిందనే డాక్టరు దగ్గరికి మనం పిల్లల్ని తీసుకుపోతామా?

కేసీ కాలువలో పూడిక తీయలేదని రోడ్డెక్కేది మనమే. ఆ కాలువ కర్నూలు నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు. రేడియేటర్ కాలువలు మూరెడు పొడవైనా ఉండవు, వాటిలో సున్నం పూడుకుపోతే అడిగే నాథుడు లేడు. సున్నం పొర వేడిని బయటికి పోనివ్వదు. హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. చివరికి మెకానిక్ తల పంకించి చెప్పే మాట: ఇంజన్ బోరుకొచ్చింది. బోరు నీళ్లు పోస్తే బోరుకు రాక ఏమొస్తుంది?

అలాగని మనకు క్రమశిక్షణ లేదనడానికి లేదు. బంపర్‌కు కట్టిన నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు అమావాస్య అమావాస్యకూ తప్పకుండా మారతాయి. ఆయిల్ ఎప్పుడు మార్చావంటే మాత్రం "బండి నడుస్తాంది గదా" అనే జవాబు.

2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ ఇంజన్‌కు రెండే సిలిండర్లు, 702 సీసీ, 16 గుర్రాల బలం. ముప్పాతిక టన్ను మోయమని కంపెనీ రాసిస్తే, టన్నున్నర నాపరాళ్లు ఎత్తించి కడప నుంచి రాయచోటి దోవ పట్టించేవాళ్లను నేనెరుగుదును. అలాంటి బండిలో ఒకసారి నేనూ ఎక్కాను. గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి హీటు ముల్లు ఎర్రగీత దాటింది. "ఏం గాదులే న్నా, పైకి పోతే గాలి తగుల్తాది" అన్నాడు డ్రైవరు. గాలి కంటే ముందు ఆవిరి తగిలింది.

ఎట్లో ఊళ్లోకి ఈడ్చుకొచ్చి పాలకోవా అంగడి ముందు ఆపాడు. డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ నల్లగా లేదు, పాలెక్కువైన టీ రంగులో ఉంది. లోపల బాణలిలో పాలు మరుగుతున్నాయి. గువ్వలచెరువులో మరిగితే విలువ పెరిగేది ఆ ఒక్కదానికే.

అంగడి పిల్లోడు జాలిపడి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. డ్రైవరు పెదాల దాకా తీసుకుపోయి ఆగాడు.

"ఇవి బోరు నీళ్లు కదప్పా?"

"అవున్నా."

"తాగితే కిడ్నీలో రాళ్లు పడ్తాయి" అని ఇరవై రూపాయలిచ్చి సీసా కొనుక్కున్నాడు. చెంబు పట్టుకుని రేడియేటర్ వైపు నడిచాడు.