మబ్బులోంచి వచ్చిన చెయ్యి

శివుడి కోసం భార్యతో కలిసి కన్నకొడుకునే చంపిన భక్తుడు సిరియాళుడి కథ నాకు కొట్టిన పిండి అన్న గర్వమే నా కొంప ముంచింది.

హనుమకొండలో పాత కలప సామాన్ల దుకాణంలో నల్లటి కుర్చీ ఒకటి కొన్నాను. ‘దొరల బంగ్లా సామాను సార్’ అన్నాడు అమ్మినతను. వీపు పలక మీద గడ్డం తండ్రి ఒకడు కొడుకు తల వంచి కత్తి ఎత్తాడు. ఇంకేం, సిరియాళుడే అని తేల్చేశాను. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి మనకెంత దూరం? ఆ కథ ఉన్న ఆయన బసవపురాణం తెలిసిన పనివాడెవరో చెక్కాడని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. మూలన పొదలో కొమ్ముల జంతువును నంది అన్నాను. సిరియాళుడి కథలో తల్లి కూడా ఉండాలి. ఈ పలకలో తల్లేదీ అని అప్పుడైనా ఆగాల్సింది.

పైన మబ్బులోంచి ఒక చెయ్యి వచ్చి కత్తిని పట్టుకుని ఉంది. సిరియాళుడి కత్తిని ఆపినవాళ్లెవరూ లేరు కదా, ఇది తర్వాతెవరో పెట్టిన అతుకు అనుకుని తీసెయ్యమన్నాను. ‘అతుకు కాదు సార్, ఒకటే చెక్క’ అన్నాడు వడ్రంగి, ఉలి పక్కన పెట్టి. వినలేదు. చెయ్యి పొట్టుగా రాలింది. కుర్చీ నలుపును మురికి అనుకుని, నీళ్లు పోసి స్టీలు పీచుతో రుద్దాను. తెల్లారేసరికి చెక్కంతా కొత్త నల్లమచ్చలు. కుర్చీది ఓక్ చెక్క. అందులో, మన కరక్కాయలో లాగే, టానిన్ ఉంటుంది. తడిలో ఇనుము తగిలితే నల్లబడుతుంది. కలంకారీలో నలుపు పుట్టేదీ అలాగే.

తర్వాత మా కాలేజీలో పనిచేసిన క్రైస్తవ మిత్రుడు వచ్చి పలక ముందు కూర్చున్నాడు. ఆదికాండం 22వ అధ్యాయం తీసి నా చేతిలో పెట్టాడు. కొడుకు ఇస్సాకును బలివ్వబోయిన అబ్రాహాము కథ. పొదలో కొమ్ములు చిక్కుకున్నది పొట్టేలు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఓక్ సామాన్ల మీద ఇలాంటి బైబిల్ ఘట్టాలు చెక్కేవాళ్లు, విక్టోరియా కాలంలో మళ్లీ వాటికి మోజు పుట్టింది. ‘కత్తిని ఆపే దేవదూత ఏడీ?’ అని అడిగాడతను. నాకు నోట మాట రాలేదు. బిడ్డను కాపాడడానికి వచ్చిన చేతిని నేనే నరికించాను.

కొత్త చెయ్యి చెక్కి అతికిస్తానన్నాడు వడ్రంగి. వద్దన్నాను. అక్కడ ఏముండేదో కాగితం మీద రాసి పలక వెనక అంటించాను. తీయించింది నేనేనని కూడా రాశాను.