శాలువా కప్పి బొమ్మ పట్టుకెళ్ళే విద్య

కళాకారుణ్ణి నెత్తిన పెట్టుకోవడంలో తెలుగువాడి తర్వాతే ఎవరైనా. ఈ మాట అన్నది తెలుగువాడే, అదీ మైకు పట్టుకుని, కాబట్టి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అందులో బెజవాడ వాళ్ళం మరీను. మనకు తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది. సాయంత్రం ఆరు దాటితే ఏదో ఒక హాల్లో ఎవరి మెడలోనో దండ పడుతూనే ఉంటుంది. బందరు రోడ్డు మీద ఏకంగా చిత్రకారుడు బాపు పేరుతో సర్కారువారి మ్యూజియమే ఉంది.

ఆ మ్యూజియం తప్పక చూసి రావాలి. 1887లో విక్టోరియా రాణిగారి జూబిలీ పేరు చెప్పి పునాది వేసిన భవనం. 1921లో కాంగ్రెసు సమావేశాలకు వచ్చిన గాంధీగారికి పింగళి వెంకయ్యగారు జెండా నమూనా చూపించింది ఇక్కడేనంటారు. అందుకని గుమ్మం మీద ‘బాపు’ అన్న పేరు చూసి ఎవరైనా మహాత్ముణ్ణి తలుచుకుంటే తప్పు పట్టలేం. 2020 అక్టోబరులో కొత్త హంగులతో మళ్ళీ తలుపులు తెరిచారు. ఆదిమానవుడి రాతి పనిముట్లు, అల్లూరు బుద్ధుడు, పాత నాణేలు. పురావస్తు శాఖవారి మ్యూజియం, పురావస్తువులు ఉండడం సబబే. కార్టూన్లు గీసిన మనిషి పేరు తీసుకెళ్ళి రాతియుగం గుమ్మానికి తగిలించడంలోనే మన అభిమానం ఎంత లోతైనదో తెలుస్తుంది. తవ్వితే గానీ దొరకదు.

మనకు లేనిదల్లా కామిక్ కాన్ అనే బొమ్మల జాతర. 2011లో ఢిల్లీలో మొదలై, 2013కల్లా హైదరాబాదు చేరింది గానీ మన కృష్ణ ఒడ్డుదాకా రాలేదు. రాకపోవడమే మేలని పెద్దల అభిప్రాయం. అక్కడి భాగోతం చూడండి. పాతికేళ్ళ పిల్లలు బ్యాట్‌మ్యాన్ ముసుగులు, నరూటో జుట్లు పెట్టుకుని, డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని మరీ లోపలికి పోతారు. తమకిష్టమైన చిత్రకారుడి బల్ల ముందు వరసలో నిలబడతారు. పుస్తకమో పోస్టరో కొంటారు, సంతకం పెట్టించుకుంటారు, ‘మీ బొమ్మలంటే ప్రాణమండీ’ అని ఒక్క ముక్క అనేసి, సెల్ఫీ దిగి, వెనకవాడికి చోటిచ్చి తప్పుకుంటారు. అధ్యక్షుడు లేడు, ముఖ్య అతిథి లేడు, జ్యోతి ప్రజ్వలన లేదు. కళను కొనుక్కునే స్థాయికి దిగజార్చేశారు!

మన పద్ధతి వేరు. మనం ముందు ఫ్లెక్సీ వేయిస్తాం. అందులో నడిమధ్య ఎమ్మెల్యేగారు, అటూ ఇటూ కార్పొరేటర్లు, కింద నమస్కారం పెడుతూ నిర్వాహకులు. ఒక మూల తపాలా బిళ్ళంత ఫొటోలో, సన్మానం ఎవరికో ఆయన. ఫ్లెక్సీ వెనకాల ఆయన గీసిన బొమ్మే ఉంటుంది. నెట్‌లోంచి దించుకున్నది. ఆయన్ని అడగలేదు, సర్‌ప్రైజు కదా. మూలనున్న సంతకం కార్పొరేటర్‌గారి భుజానికి అడ్డొచ్చిందని డీటీపీ కుర్రాడు చెరిపేశాడు.

ఆరింటికి అన్న సభ ఏడున్నరకు మొదలవుతుంది. మొదటి వక్త తన బాల్యం చెబుతాడు. రెండో వక్త మొదటి వక్తతో తనకున్న స్నేహం చెబుతాడు. మూడో ఆయన ‘చందమామలో మీరు వేసిన బేతాళుడు ఇప్పటికీ నా కళ్ళలోనే ఉన్నాడండీ’ అంటాడు. జన్మలో చందమామకు బొమ్మ వెయ్యని ఆ పెద్దమనిషి తల వంచి నమస్కరిస్తాడు, వేరే దారి లేదు. తర్వాత శాలువా. ఆ తర్వాత ఫొటోగ్రాఫరు రాలేదని మళ్ళీ శాలువా. ఆ పైన మోయలేనంత జ్ఞాపిక. చివర్లో ‘ఇప్పుడు మన అభిమాన చిత్రకారుడు రెండు ముక్కలు మాట్లాడతారు’ అని ఒక ప్రకటన, దాని వెనకే ‘హాలు తొమ్మిదింటికి ఖాళీ చెయ్యాలి’ అని చెవిలో ఒక హెచ్చరిక.

ఆయన వేదిక దిగాక అసలు అభిమానం మొదలవుతుంది. ‘మా మనవడి బొమ్మ ఒకటి గీసివ్వండి, మీకు రెండు గీతలే కదా’ అంటారు ఒకరు. ఆ రెండు గీతలు అలా పడడానికి నలభయ్యేళ్ళు పట్టిందని ఆయన చెప్పడు, అంతలోనే ఇంకొకరు అమ్మాయి పెళ్ళి శుభలేఖకి బొమ్మ అడుగుతున్నారు. గుమ్మం దగ్గర బల్ల మీద ఆయన కార్టూన్ల పుస్తకాలు పేర్చి ఉంటాయి. జనం తీసి చూస్తారు, గట్టిగా నవ్వుతారు, నవ్వడం పూర్తయ్యాక పుస్తకం పూర్తయినట్టే గనక కింద పెట్టేస్తారు. మరీ ఆప్తులైతే ‘మాకు కాంప్లిమెంటరీ లేదా గురువుగారూ?’ అని నిష్ఠూరమాడతారు. శాలువా కప్పినవాడు పుస్తకం కొనడం మన సంప్రదాయంలో లేదు. ఒకే మనిషికి రెండుసార్లు గౌరవం చేస్తే అతి అవుతుంది.

ఇక పెళ్ళిళ్ళు. డెల్టాలో ఏ శుభలేఖల దుకాణానికైనా వెళ్ళి ‘బాపు బొమ్మ’ అనండి, ఆల్బమ్ తెరిచి ముందు పెడతారు. బుట్టలో పెళ్ళికూతురు, సిగ్గుపడే సీత, తలంబ్రాలు పోసుకునే జంట. అక్షరాలు కూడా ఆయన చేతిరాతలోంచి దించిన ఫాంటే. కాగితం ఖరీదు చెబుతారు, బంగారు పూత ఖరీదు చెబుతారు, ప్రింటింగ్ ఖరీదు చెబుతారు. బొమ్మ ఖరీదు ఎంతని అడిగి చూడండి, దుకాణదారు జాలిగా చూస్తాడు. ‘బాపు బొమ్మకి డబ్బులేంటండీ, అది మన తెలుగువాళ్ళందరిదీ!’ 1957 నాటి కాపీరైటు చట్టం మాత్రం అలా అనదు. చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళదాకా హక్కు బతికే ఉంటుందంటుంది. బాపు పోయింది 2014లో. ఆయనవీ, ఆయన హక్కులిచ్చినవాళ్ళవీ అయిన బొమ్మలు 2074 ముగిసేదాకా ఊరుమ్మడి సొత్తు కావు. హక్కు అమ్ముకున్నా సరే, ‘ఇది నేను వేసింది’ అని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద చిత్రకారుడికే ఉంటుంది. కానీ పెళ్ళి ముహూర్తాలు చట్టం చూసి పెట్టరు కదా.

బాపు బొమ్మకి పేరైనా మిగిలింది, చందమామ బొమ్మకి అదీ లేదు. తెనాలి వాళ్ళకు చందమామ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1947 జులైలో నాగిరెడ్డిగారితో కలిసి ఆ పత్రిక పెట్టిన చక్రపాణి తెనాలి మనిషి, దశాబ్దాల పాటు దాన్ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలి మనిషి. చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ తెలియని ఇల్లు ఈ జిల్లాల్లో లేదు. ఎన్నికలొస్తే ఆ బొమ్మే మీమ్‌గా తిరుగుతుంది. కింద విక్రమార్కుడి తలకాయ స్థానంలో ఒక నాయకుడు, పైన బేతాళుడి స్థానంలో అప్పులు. దాన్ని గీసిందెవరని అడిగితే మాత్రం రాజు మౌనం వీడడు. శంకర్ అని సంతకం చేసిన కె.సి. శివశంకరన్ మద్రాసులో నెలజీతానికి దశాబ్దాలపాటు ఆ బొమ్మలు వేశారు, 2020లో కన్నుమూశారు, 2021లో పద్మశ్రీ వచ్చింది. డుంబును సృష్టించి తెలుగులో కామిక్ స్ట్రిప్పుకు దారి వేసిన బుజ్జాయి 2023దాకా మన మధ్యనే ఉన్నారు. కవి కృష్ణశాస్త్రిగారబ్బాయి అని చెబితే తప్ప ఆయనెవరో మనకు తోచేది కాదు.

బాపుకు 2013లో పద్మశ్రీ ఇచ్చారు. కేంద్రం జాబితాలో ఆయన పేరు పక్కనున్న రాష్ట్రం తమిళనాడు. మద్రాసులో కాపురం కాబట్టి అలా రాశారని సరిపెట్టుకోవచ్చు. నరసాపురంలో పుట్టి, గోదావరినీ రాముణ్ణీ తెలుగువాడి కళ్ళకు కట్టిన మనిషిని పక్క రాష్ట్రం వాళ్ళ లెక్కలో చూసి మనం ఏం చేశాం? గర్వపడ్డాం. సన్మానం చేశాం. శాలువా మన ఖాతాలోనే పడింది.

ఇప్పుడు శాలువా ఖర్చు కూడా మిగిలింది. 2025 మార్చిలో ప్రపంచమంతా తమ ఫొటోల్ని యంత్రానికిచ్చి జపాన్ జిబ్లీ స్టూడియో బొమ్మల్లా మార్చుకుని మురిసిపోయింది. మనవాళ్ళు ఊరుకుంటారా? ‘బాపు స్టైల్లో వెయ్యి’ అని టైపు చేస్తున్నారు. కళ్ళు పెద్దవైతే చాలు, జడ పొడుగైతే చాలు, బాపు బొమ్మే. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి లేకపోయినా ఫర్వాలేదు, వాట్సాప్‌లో ‘అద్భుతం’ అని బొటనవేళ్ళు లేస్తాయి. బతికున్న చిత్రకారుడు ‘అయ్యా, మా పొట్ట కొడుతున్నారు’ అంటే మాత్రం ‘కళాకారుడికి డబ్బు యావేంటండీ?’ అని మందలిస్తాం.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన అభిమానమంతా దీని మీదే నిలబడింది. కళకు వెల కట్టలేం, నిజమే. అందుకని వెల ఇవ్వడం మానేశాం. ఇదే డెల్టాలో ప్రతి పంటకీ గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కుతాం. అన్నం పరబ్రహ్మ స్వరూపం, దానికి వెల కట్టకూడదని చెప్పి బస్తా ధాన్యానికి డబ్బు బదులు రైతుకు శాలువా కప్పి పంపితే కృష్ణా జిల్లా ఊరుకుంటుందా? గౌరవం వేరు, బాకీ వేరు. మన సన్మానం మొదటిది చూపించి రెండోది ఎగ్గొట్టే మర్యాద.

అమెరికావాళ్ళు ఏం వెలగబెట్టారని అడగొచ్చు. వాళ్ళూ తక్కువ తినలేదు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ రాసిచ్చేశారు. కంపెనీ కోట్లు గడించింది, వాళ్ళిద్దరూ ముసలితనంలో చేతిలో చిల్లిగవ్వ లేక మిగిలారు. తేడా ఆ తర్వాతే వచ్చింది. తోటి కార్టూనిస్టులు గొంతెత్తారు, పత్రికలు రాశాయి, జనానికి తెలిసింది. 1975లో కంపెనీ దిగొచ్చి ఏడాదికి 20,000 డాలర్ల పింఛనుకు ఒప్పుకుంది, బొమ్మ పక్కన వాళ్ళ పేర్లు మళ్ళీ వేసింది. వాళ్ళకెవరూ దండ వెయ్యలేదు. పేరు వేయించారు, డబ్బిప్పించారు. ఫ్రాన్సులో 1974లో మొదలైన ఆంగులేమ్ బొమ్మల పండగలోనూ అంతే. అభిమాని పుస్తకం పట్టుకుని గంటలకొద్దీ నిలబడతాడు, చిత్రకారుడు దాని మొదటి పేజీలో బొమ్మ గీసిస్తాడు. ముందు పుస్తకం, తర్వాత బొమ్మ. వరస అదీ.

అందుకని ఒక మనవి. బెజవాడలో 1989 నుంచి జనవరి వస్తే పుస్తక మహోత్సవం ఉంది. కామిక్ కాన్ కోసం హైదరాబాదు వైపు చూడనక్కర్లేదు, ముసుగులూ అక్కర్లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, మంచినీళ్ళ సీసా, ధరల బోర్డు. సంతకం ఉచితం, పుస్తకం ఇంత, పుస్తకంలో చిన్న బొమ్మకి ఇంత, మనవడి బొమ్మకి ఇంత, శుభలేఖ బొమ్మకైతే కాగితం మీద ఒప్పందం. వక్తలు మాట్లాడదలిస్తే మాట్లాడవచ్చు, వరసలో తమ వంతు వచ్చినప్పుడు, చిత్రకారుడితో, బిల్లు కట్టాక. ఎమ్మెల్యేగారికీ అదే వరస. శాలువాలు తెచ్చినవాళ్ళు వాటిని తామే కప్పుకుని నిలబడవచ్చు, జనవరి సాయంత్రాలు బెజవాడలోనూ కాస్త చలిగానే ఉంటాయి.